నౌకాయుద్ధంలో విజేత

టెక్కలి కల్యాణ మండపంలో రెండు రోజుల బోర్డు ఆటల పోటీలకు ఆఖరి ఆట నౌకాయుద్ధం. ఒకవైపు రూల్సు పుస్తకం కంఠతా పట్టిన లెక్కల మాస్టారు కూర్మనాథం. ఇంకోవైపు భావనపాడులో చేపల పడవ నడిపే యువరాజు.

నాలుగో ఎత్తుకే యువరాజు మాస్టారి పెద్ద ఓడను ముంచేశాడు. మిగిలిన చిన్న ఓడను కూడా కొడితే కప్పు అతనిదే. కానీ అతను తనకు మిగిలిన ఒకే ఒక్క ఓడను తిప్పి, మునిగిన ఓడ పక్కకు తెచ్చి ఆపాడు.

"ఏటయ్యా అది?" అన్నారు మాస్టారు.

"మనుసులు నీల్లో పడిపోనారు కదండీ. ఎక్కించుకుంతన్నాను."

"వాళ్లు నీ శత్రువులు!"

"నీల్లో పడ్డాక శత్రువేటండీ? మా కాడైతే వల కోసేసైనా ఎల్తాం."

రూల్సులో ఎక్కించుకోవడం అనేదే లేదు. కదలకుండా నిలబడ్డ ఆ ఓడను మాస్టారు ఒక్క పాచికతో ముంచేశారు. హాలంతా గొల్లున నవ్వింది. ఫలితాల బోర్డు మీద కూర్మనాథం పేరు మొదట ఎక్కింది. పాఠం చెప్పందే ఆయనకు అన్నం సయించదు కాబట్టి, మైకు లాక్కుని, "యుద్ధంలో జాలిపడ్డవాడు ఓడిపోతాడు. అందరూ గుర్తుపెట్టుకోండి" అన్నారు.

అప్పుడు మొదటి బహుమతి ప్రకటించారు. మర్నాడు ఉదయం భావనపాడు హార్బరు నుంచి విజేతకు సముద్రంలో పడవ షికారు. పడవ ఎవరిదన్నది విజేత ఇష్టం.

చప్పట్లు ఆగకముందే మాస్టారు కప్పు చంకలో పెట్టుకుని యువరాజు దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"నాకు ఈత రాదయ్యా. నీ పడవైతేనే ఎక్కుతాను."