బాపు ఛాయిస్

మూడోసారి కూడా పెద్దబిడ్డ పూజితకు జోడి కుదరకపోతే ఛత్రినాకలో తలెత్తుకొని తిరిగేదెట్లా అన్నదే ఓదెలు బెంగ. ఆ బెంగతోనే ఆదివారం పొద్దున పాలు పోయడం ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, కేబుల్ కొండల్ ఇంటి మీది రేకుల గదిలో కెమెరా ముందు కూర్చున్నాడు.

ఈ లొల్లంతా కొండల్ పెట్టిందే. హిందీ ఛానళ్లలో స్వయంవరాలు చూసి, మనమెందుకు చెయ్యొద్దని తన లోకల్ ఛానల్లో 'గల్లీ స్వయంవరం' మొదలుపెట్టాడు. తెరకు ఇవతల పిల్ల, అవతల ముగ్గురు పిలగాండ్లు. పిల్ల ప్రశ్నలడగాలి, జవాబు నచ్చినవాడి ముందు తెర తీయాలి. అది బస్తీలో ఎంత ఆడిందంటే, వెంటనే 'డబుల్ ధమాకా' అని ఇంకోటి పుట్టింది. ఇప్పుడు మూడోది, 'బాపు ఛాయిస్'. ఇందులో ప్రశ్నలు పిల్ల అడగదు, తండ్రి అడుగుతాడు.

కొండల్ మంచివాడే. ఇంట్లో టీవీ ఆగిపోతే అన్నం ముందు నుంచి కూడా లేచి వస్తాడు. అతనికి పూజితను ఇద్దామా అని భార్య సుశీలమ్మ ఒకసారి నసిగితే, ఇల్లంతా వినేటట్టు చెప్పాడు ఓదెలు. స్తంభాలెక్కే అల్లుడు తనకొద్దు, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే అల్లుడే కావాలి. వెనుక చిన్నది విజయలక్ష్మి కూడా పెళ్లికి ఎదిగి ఉంది. పెద్దల్లుణ్ణి చూసే గదా చిన్నదానికి సంబంధాలొచ్చేది!

పెళ్లికొడుకుల ఫారాలు వేసే డబ్బా ఓదెలు డెయిరీలోనే ఉండేది. బస్తీ అంతా పొద్దున్నే పాలకు అక్కడికే వస్తుంది మరి. ఏ పిల్ల కోసమో పేరు రాసి, ఫొటో అంటించి డబ్బాలో వేయాలి. ఓదెలు డబ్బాను గోడకు కొట్టించి, తాళంచెవిని కౌంటర్లో కూర్చునే పూజితకిచ్చి, ఏనాటి ఫారాలు ఆనాడే కొండల్‌కు చేర్చమని చెప్పి, బర్రెల కాడికి పోయాడు.

మిగతా పిల్లలందరికీ బాగానే కుదిరాయి. ఒకామెకు బ్యాంకు క్లర్కు దొరికాడు, ఇంకొకామెకు నయాపూల్ కోర్టులో టైపిస్టు. పూజిత దగ్గరికొచ్చేసరికే ఏదో శని పట్టుకుంది. మొదటిసారి ఒకడు ప్రతి ప్రశ్నకూ అమ్మనడిగి చెప్తానన్నాడు. ఇంకొకడు తెర వెనుక గురక పెట్టాడు. 'డబుల్ ధమాకా'లో వచ్చిన ముగ్గురి గురించి చెప్పకపోవడమే మర్యాద. ఆరుగురినీ పూజిత వద్దంది. ఎట్లా కాదనగలడు? ఆ స్థానంలో ఓదెలే ఉన్నా వద్దనేవాడు.

ఎక్కడ దొరికార్రా వీళ్లని నిలదీస్తే కొండల్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "వచ్చినవాట్ల మంచియే ఏరిన కాకా. నీ మీద ఒట్టు."

ఈసారి ఓదెలే అడిగాడు. ఏం పని చేస్తావని మొదటివాణ్ణి అడిగితే, పని వెతుక్కుంటున్నానన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే, ఆరేళ్ల నుంచి అన్నాడు. రెండోవాడికి బర్రెల వాసన పడదట. ఆ వాసనతోనే బతికిన ఓదెలుకు కడుపు మండిపోయింది. ఇక మూడోవాణ్ణి మా పిల్లలో నీకేం నచ్చింది బిడ్డా అని అడిగాడు.

"మీ డెయిరీ," అన్నాడు వాడు.

ఓదెలు తువ్వాల దులిపి లేచాడు. లైవులో ఉన్నామన్న సంగతే మరిచిపోయాడు.

"ఈ ముగ్గురి కంటె ఆ కెమెరా పట్టుకున్నోడే నయం గదరా!"

కొండల్ చేతిలోని కెమెరా గిర్రున ఊగి పైకప్పును చూపించింది. కింద గల్లీలో ఇంటింటి నుంచీ ఈలలు లేచాయి. ఓదెలు మెట్లు దిగేలోపే మిఠాయి డబ్బా ఎదురొచ్చింది. మాటిచ్చావన్నారు గల్లీవాళ్లు, బస్తీ మొత్తం విన్నదన్నారు. సుశీలమ్మ కూడా వాళ్లలోనే కలిసిపోయింది.

కొండల్ మాత్రం చెమటలు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "కాకా, నేను స్తంభాలెక్కేటోణ్ణి. నోరు జారినవ్, నేనేం అనుకోను. పో."

ఆ మాటతో ఓదెలు మనసు కరిగింది. తన బిడ్డ కోసం మూడు షోలు నడిపి, ఒక్కసారి కూడా విసుక్కోని మనిషిని ఎదురుగా పెట్టుకొని, ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి ఎందుకు వెతికినట్టు?

"ఎక్కేటోళ్లను ఇద్దరిని పనిల పెట్టుకో," అన్నాడు. "నువ్వు కింద కూసో."

పూజిత తలొంచుకొని, నీ ఇష్టం బాపు అంది. ఆరుగురిని కాదన్న పిల్ల తన ఒక్క మాటకు ఒప్పుకున్నందుకు ఓదెలుకు ఛాతీ ఉప్పొంగింది. ఎంపిక అంటే ఇట్లుండాలె అని లగ్గం దాకా పాలకొచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పెళ్లిని కూడా కొండల్ తన ఛానల్లోనే చూపించాడు.

అప్పగింతలప్పుడు మాత్రం ఓదెలు ఆగలేకపోయాడు. పూజితను పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీ లగ్గమైతే అయిపోయింది బిడ్డా, ఇక విజయలక్ష్మికి మంచి పిలగాణ్ణి నేను ఎక్కడ వెతకాలె అన్నాడు.

పూజిత అతని కళ్లు తుడిచి, చెవి దగ్గర మెల్లగా అంది.

"చెల్లె ఫికర్ పెట్టుకోకు బాపు, నా కోసమొచ్చిన ఆఫీసు పిలగాండ్ల ఫారాలన్నీ తవుడు బస్తాల కింద భద్రంగ దాచిన, ఆయనకు ఒక్కటి గుడ ఇయ్యలే."