బ్లోయరు కూత

"జర ఓర్చుకో, నా బ్లోయర్ దమ్ము చూడు!" అంటూ మా ఆయన శాంతయ్య ఆలూరు నుంచి చేవెళ్ల దవాఖానకు పాత జీపును ఉరికిస్తున్నాడు. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసే ఆ బ్లోయరును తనే బిగించాడు మరి. వెనక సీట్లో నేను పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతున్నాను.

అరవైతొమ్మిది, తెలంగాణ ఉద్యమం బంద్ రోజులు. చేవెళ్ల దగ్గర కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. బండి ఆగితే బిడ్డ రోడ్డు మీదే పుడుతుంది.

అప్పుడే చెవులు చిల్లులు పడేలా కూత లేచింది. "పోలీసు బండిరా!" అని కుర్రాళ్లు జొన్నచేలో పడ్డారు.

క్షేమంగా ఆడపిల్ల పుట్టింది. "అంతా నా బ్లోయర్ కూత మహిమ!" అని ఆయన నర్సమ్మకు చెప్పిందే చెబుతున్నాడు. సాయంత్రం, ఆ రోడ్డు మీద నిలబడ్డ మా ఊరి ఎల్లేశ్ ఒక రబ్బరు బెల్టు తెచ్చాడు.

"అన్నా, ఇది నీ బ్లోయర్‌దేనా? మీ వాకిట్లనే పడి ఉన్నది."

ఆయన మొహం వాడిపోయింది. "బెల్టు లేకుంటే అది తిరగనే తిరగదురా."

"మరి గంతగనం కూసిందేంది?"

ఇద్దరూ నావైపు చూశారు.

"వదినా, రేపు జులూసుకు మైకు దొరకలే. జర నువ్వొస్తవా?"

తిడదామంటే నాకు గొంతెక్కడ మిగిలింది!