తెల్లదిబ్బ నీళ్లు

"ముంతలో ఏంది పెద్దాయనా?"

మున్సిపల్ ఆఫీసు వరండాలో కూర్చున్న ముసలాయన్ని బంట్రోతు మునెయ్య అడిగాడు.

ముంత నోటికి తాటాకు మూత. దాని మీద తడిగుడ్డ బిగించి కట్టి ఉంది.

"అయ్యగారికి" అన్నాడు ముసలాయన.

"ఏం పని మీద వచ్చినావు?"

"ఆ మాట అయ్యగారితోనే చెప్పుకుంటా నాయనా."

మునెయ్య నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లాడు.

"సార్, పాలెం నించి ఎవరో ముసలాయన వచ్చినాడు. చల్లకొచ్చినోళ్లు ముంత దాస్తారు. ఈయన ముంత చూపించి పని దాస్తా ఉండాడు."

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు జయకుమార్ మ్యాపు మీద నుంచి తల ఎత్తలేదు. నవ్వే ఓపిక అతనికి లేదు.

దిన్నెపేట కొత్తగా మున్సిపాలిటీ అయింది. రాబోయే ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలో ప్లాను గీసివ్వమని అతన్ని నెల్లూరు నుంచి పంపారు. రోడ్లు గీశాడు. బస్టాండు గీశాడు. ఆస్పత్రికి చోటు చూపించాడు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది.

సముద్రం పక్క ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే.

ఒకప్పుడు తెల్లదిబ్బ మీద బావి ఉండేదనీ, దాని నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవనీ ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారు. ఆ బావి ఏనాడో ఇసకలో పూడిపోయింది. దిబ్బ చిన్నపోలయ్య అనే అతని సొంతం. ఆ మహానుభావుడు పడుచుతనంలోనే బర్మా పోయి, ఊళ్లోవాళ్లు రంగం అనే రంగూన్‌లో కుదురుకున్నాడు. యుద్ధంలో రంగం మీద బాంబులు పడ్డాక అతని కబురే లేదు.

సంతకం పెట్టే మనిషి లేని భూమిని ఏ కాగితం మీద రాసుకుంటాడు? జయకుమార్ పాలేలన్నీ తిరిగి వాకబు చేశాడు. ఫలితం లేదు. నెలాఖరుకు ప్లాను హైదరాబాదు చేరాలి. చేరకపోతే మంజూరు మరో ఊరికి పోతుంది.

"సరే, రమ్మను" అన్నాడు విసుగ్గా.

ముసలాయన లోపలికి వచ్చి ముంతను భద్రంగా బల్ల మీద పెట్టాడు.

"ముందు ఇది పుచ్చుకోండయ్యా. మాట తర్వాత."

జయకుమార్ మొహం ఎర్రబడింది. అవి మద్యనిషేధం రోజులు. తాటాకు మూత కట్టిన ముంతలో ఏముంటుందో ఆ తీరంలో ఎవరినీ అడగక్కర్లేదు. పైగా అతని తండ్రి తాగుడు మానమని ఊరూరా ప్రసంగాలు చేసిన పాస్టరు.

"ఎత్తు ముందు దాన్ని. మళ్లీ దాంతో గడప తొక్కావంటే పోలీసులకు చెబుతా."

ముసలాయన ముంతకేసీ ఆఫీసరుకేసీ మార్చి మార్చి చూశాడు.

"దీనికి పోలీసులెందుకయ్యా?"

"మునెయ్యా, బయటికి పంపించు."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ముంత పక్కన పెట్టుకుని వరండాలోనే కూర్చునేవాడు. మధ్యమధ్య దగ్గేవాడు. పొద్దు వాలాక ముంత ఎత్తుకుని వెళ్లిపోయేవాడు.

చివరికి జయకుమార్ తెల్లదిబ్బ మీద ఆశ వదులుకున్నాడు. ఉప్పుకయ్యల అవతల సర్కారు పోరంబోకులో బావికి గుర్తు పెట్టాడు. అక్కడివి ఉప్పదనం తగిలే జవకనీళ్లని అతనికి తెలుసు. మనసు చివుక్కుమంది. అయినా చుట్ట చుట్టిన ప్లాను చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు.

వరండాలో ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆ బక్క ప్రాణాన్ని చూస్తే జాలేసింది.

"పెద్దాయనా, మీ గుడిసెలు తీసేస్తామని ఎవరైనా భయపెట్టారా? తీయం. ధైర్యంగా ఉండు."

"గుడిసెల మాట కాదయ్యా. నీళ్ల మాట."

"కొళాయేగా? అందరూ అదే అడుగుతున్నారు. మీ పాలేనికీ వేయిస్తాం. రాశాను."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర కమ్ముకుంది. అది ఆగేలోపు జీపు కదిలింది. పేదవాడికి నాలుగు మంచి మాటలు చెప్పానని జయకుమార్ దారి పొడవునా తృప్తిపడ్డాడు.

హైదరాబాదులో ప్లాను మంజూరైంది. ఆ కబురు తెలిసిన రోజున వరండాలో ముసలాయన చోట ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పక్కన ముంత.

"ఆయన రాలేదా అమ్మా?" అన్నాడు జయకుమార్.

"ఇంక రాడయ్యా. పోయినాడు."

ఆమె ముంతను అతని ముందుకు జరిపింది.

"ఎట్టన్నా ఈ ముంత మీ చేత తాగించమని చెప్పి పోయినాడు."

పోయిన మనిషి కోరికను కాదనలేకపోయాడు. గుడ్డ విప్పి, తాటాకు తీసి, వాసన చూశాడు. ఏ వాసనా లేదు. ఒక గుక్క తాగాడు.

నీళ్లు. దిన్నెపేట వచ్చాక అతని నాలుక ఎరగని తీపి నీళ్లు.

ఎంత మాట అన్నాడు ఆ ముసలాయన్ని. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"ఎక్కడివమ్మా ఈ నీళ్లు?"

"తెల్లదిబ్బ మీదియ్యి. దినామూ చెలమ తోడి తెచ్చేవోడు. నీళ్లు తియ్యంగా ఉంటాయని నోటితో చెప్తే ఎవురు నమ్ముతారే, రుచి చూసినాకనే మాట, అనేవోడు."

"మునెయ్యతో అయినా చెప్పి ఉండకూడదా?"

"ఇచ్చే మాట పుచ్చుకునేవోళ్ల చెవిలోనే పడాలంట. అందరికీ చాటుకుంటే అది ఇచ్చినట్టు కాదంట."

"ఇవ్వడం ఏమిటమ్మా? అది ఆ చిన్నపోలయ్య సొత్తు. అతని కోసం నేను తిరగని పాలెం లేదు."

ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ దిబ్బ ఊరికి రాసిచ్చి ఈడ్నే కన్ను మూస్తానని, ఈ మధ్యనే రంగం నించి నన్నుగూడా ఓడెక్కించుకుని వచ్చినాడయ్యా మీరు వెతికిన చిన్నపోలయ్య."