మసి అంటిన పిల్లి

జొన్నచేలో ఉండే అడవిపిల్లికి ఆ రోజు ఒళ్లు మండింది. కంకులు కొరికే ఎలుకల్ని పట్టేది తను. మెప్పు మాత్రం కాటుకబూజుకు. విత్తనంతో పాటే వచ్చి, జొన్న కాండాల్లో చప్పుడు లేకుండా కాపురం పెట్టిన తెగులది.

"నీకు గోళ్లు, కోరలు. బూజమ్మను చూసి నేర్చుకో, ఉన్నట్టే తెలియదు," అంది పెద్దకంకి.

"నేనొక్క గింజ ముట్టానా? అది లోపల కూర్చుని ఏం తింటోందో ఎప్పుడైనా అడిగావా?"

"ఆవిడ మా ఇంటిమనిషి. నోరు పారేసుకోకు!"

"పోనీలే అక్కా, దానికి కోపం ఎక్కువ," అంది బూజు లోపల్నుంచి మెత్తగా.

పిల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏదీ, నీ గింజ చూపించు!" అంటూ కంకిని పట్టి ఊపేసింది. గింజలు పగిలాయి. లోపల పిండి లేదు, మసిలాంటి నల్లటి పొడి. అదంతా గుప్పున పిల్లి మీద పడింది.

చేను చేనంతా నోరు తెరిచింది. ఇప్పటికైనా తెలిసొచ్చిందనుకుంది పిల్లి.

"చూశారా!" అని గొల్లుమంది పెద్దకంకి. "మూతి నుంచి తోక దాకా మసే. మన గింజలు తిన్న దొంగ దొరికింది!"

"ఈసారికి క్షమించేద్దాం అక్కా," అంది బూజు.