ఇరవై నాలుగు కళ్లు

మొదట ఒమన్ కొట్లో ఉన్నవి పన్నెండు గినీ పిగ్‌లు.

అంటే ఇరవై నాలుగు కళ్లు. ఆ సోమవారం వాటిలో తొమ్మిది కారుతున్నాయి.

లెంబాంగ్ ఊరి సంతవీధిలో పెంపుడు జంతువుల కొట్లు ఐదున్నాయి. కన్ను కారే ప్రాణిని ఏ పిల్లా ఇంటికి తీసుకెళ్లదు. పైగా ఆ పన్నెండింటిలో ఒకటి అమ్మేది కాదు. కాఫీరంగు కోపి, అతని కూతురు ఇమాస్‌ది.

"ఏడాదిలో ఇది మూడోసారి," అంది పశువుల డాక్టరమ్మ, కోపి రెప్ప ఎత్తి చూస్తూ. "చుక్కలు వేస్తే తగ్గుతుంది. మళ్లీ వస్తోందంటే నీ కొట్లోనే ఏదో ఉంది. ఈ ఏడాది ఏం మార్చావు?"

"మార్చిందల్లా మంచికే డాక్టరమ్మా."

"ఎడమకంటి మీద పొర మొదలైంది. నాలుగోసారి వస్తే ఈ కన్ను నిలవదు."

"బాపా, కోపికి నేను కనిపిస్తున్నానా?" అని తండ్రిని అడిగింది ఇమాస్.

ఒమన్ చుక్కల మందు వేశాడు. పంజరాలు వేడినీళ్లతో కడిగాడు. నీళ్ల సీసాలు మార్చాడు. దోమల చుట్ట వెలిగించడం మానేశాడు. చివరికి కొత్త బస్తా మూతికి కట్టిన నీలం గళ్ల గుడ్డపీలిక విప్పి, రంపపు పొడి తాజాగా పరిచాడు.

ఆ పొడి మీద అతనికి అనుమానమే లేదు. అంతకుముందు ముతక పొట్టు వేసేవాడు. చిన్న పాదాలకు గుచ్చుకుంటుందని, ఏడాదిగా కలప మిల్లువాళ్లకు ప్రత్యేకంగా చెప్పి, రెండుసార్లు జల్లించింది తెప్పిస్తున్నాడు. పట్టుకుంటే బియ్యప్పిండిలా ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి పంజరాల ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఏమీ కొనలేదు. ఎర్రబడిన కళ్లు లుంగీ చెంగుతో తుడుచుకుంటూ, ఒక్కో పంజరంలోకి ముఖం ఆనించి చూశాడు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు పొడి తీసి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

"అబా, చెయ్యి తియ్యండి," అన్నాడు ఒమన్. పెద్దవాళ్లను అక్కడ అబా అంటారు.

"ఇది వద్దు నాయనా. ముతకదే వెయ్యి. లేదంటే ఎండుగడ్డి పరుచు."

"గడ్డి తిండికి అబా, పరవడానికి కాదు. ఇది ఎంత మెత్తగా ఉందో చూశారుగా."

"చూశాను. అందుకే చెప్తున్నా."

బుధవారం వచ్చాడు. గురువారం వచ్చాడు. అదే మాట చెప్పాడు. ఎదురుగా చిలకలమ్మే ఎంటిన్‌కు ఇదో కాలక్షేపం అయింది.

"ఒమన్, ఆ చేత్తోనే అబాకి కూడా రెండు చుక్కలు వెయ్యి. పాపం, వరసలో కూర్చున్నాడు."

ఒమన్ నవ్వబోయి ఆగాడు. ముసలాయన కళ్లు చూశాడు. కోపి కళ్లు చూశాడు. ఒకే ఎరుపు. అంచుల్లో ఒకే తెల్లటి జిగురు.

అతనికి లెక్క కుదిరినట్టనిపించింది. ముసలాయన అంతకుముందు కూడా తను లేనప్పుడు వచ్చే ఉంటాడు. ఆ కళ్లు తుడుచుకున్న చేతులే పంజరాల్లో పెట్టి ఉంటాడు.

"అబా, రేపట్నించి రావద్దు. మీ కంటిజబ్బే వీటికి అంటుకుంది."

ముసలాయన మెల్లగా లేచాడు. లేవడానికి పంజరం పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అంటుకునేదైతే ముందు మా ఆవిడకి అంటాలి కదా. ఆవిడ ఇప్పటికీ ఒక్కసారికే సూదిలో దారం ఎక్కిస్తుంది."

"నాతో వాదన పెట్టుకోకండి."

"వాదన కాదులే. ఆ కాఫీరంగు దాన్ని చూసుకో. దానికి ఎక్కువగా ఉంది."

మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుని దిగి వెళ్లిపోయాడు.

ఒమన్ పంజరాలన్నీ మళ్లీ కడిగాడు. మళ్లీ మెత్తటి పొడి వేశాడు, ఈసారి ఇంకాస్త మందంగా.

పది రోజులు గడిచాయి. ముసలాయన రాలేదు. కారే కళ్లు మాత్రం తొమ్మిది నుంచి పద్నాలుగయ్యాయి. కోపి ఎడమకన్ను పాలరంగుకు తిరిగింది. ఇమాస్ కుడివైపు నుంచే దానికి కాప్సికం ముక్క అందించడం నేర్చుకుంది.

డాక్టరమ్మ వచ్చి పంజరంలో చెయ్యి పెట్టింది. పెట్టగానే రెండుసార్లు తుమ్మింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవడు చెప్పాడు నీకు ఈ పిండి వెయ్యమని?"

"మెత్తగా ఉంటుందని..."

"ఇవి పరిగెత్తినప్పుడల్లా లేచి కళ్లలో పడుతోంది. ఇప్పుడే ఎత్తి పారెయ్. ఎండుగడ్డి పరుచు."

ఆ మాట ముసలాయన నోట ముందే విన్న ఒమన్ తలదించుకున్నాడు.

గడ్డి పరిచిన పన్నెండో రోజుకు ఒక్క కన్నూ కారడం లేదు. కోపి ఎడమకన్ను మాత్రం తిరిగి రాలేదు.

ఒమన్ వీధంతా ముసలాయన కోసం అడిగాడు. ఊరూ పేరూ ఎవరికీ తెలియదు. సరే, ముందు పొడి బస్తాలు ఆపిద్దామని మిల్లుకు వెళ్లాడు.

"నువ్వు ఆపక్కర్లేదు, అదే ఆగిపోయింది," అంది గుమాస్తా ఆవిడ. "జల్లించే మనిషి మానేశాడు. చూపు మొత్తం పోయిందట."

"జల్లించడానికి వేరే మనిషి ఉండేవాడా?"

"నీ ఒక్కడి కోసమే ఏడాది క్రితం పెట్టాం. ఇంకెవరడుగుతారు ఆ పిండిని? ఒకరోజు నన్ను అడిగాడు, ఇదంతా ఎవరికి పోతోందని. సంతవీధిలో నీ పెంపుడు ప్రాణులకని చెప్పాను. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం మానేసి ఎక్కడికో వెళ్లొచ్చేవాడు. నీ బేరం పోతే తన పని పోతుందని తెలిసిన మనిషే."

ఆవిడ షెడ్డు వైపు చూపించింది. జల్లెడ పక్కన మేకుకు ఒక నీలం గళ్ల లుంగీ వేలాడుతోంది. బస్తాల మూతులు కట్టడానికి దాని అంచు సగం వరకూ పీలికలుగా చింపేసి ఉంది.

తిరుగుదారిలో ఒమన్ లెక్క చూసుకున్నాడు: తనకు దక్కినవి ఇరవై మూడు కళ్లు, అవి దక్కే దారి చెప్పింది, ఒమన్ అడిగిన మెత్తటి పొడి జల్లిస్తూ తన రెండు కళ్లూ పోగొట్టుకుంటున్న ఆ ముసలాయన.