సుమన వంతు

స్టాఫ్ మీటింగు మొదలవగానే కరస్పాండెంట్ భానుప్రకాశ్ తలుపు వేయించాడు.

"మన స్కూలు బస్సు పాన్‌గల్ రోడ్ల పల్టీ కొట్టింది డ్రైవర్ ఫోన్ మాట్లాడుకుంట నడిపినందుకే. పోలీసులొస్తే అందరిది గదే మాట ఉండాలె."

పిల్లలు దెబ్బలతో బయటపడ్డారు. డ్రైవర్ మాత్రం వనపర్తి దవాఖానలో ఇంకా స్పృహలోకి రాలేదు. టీచర్లు ఒక్కొక్కరే లేచి "అవును సర్" అని కూర్చున్నారు.

ఆ రోజు పిల్లలతోపాటు బస్సులో ఉన్న టీచర్ సుమన ఒక్కతే. మీటింగులో పేరు పిలిస్తే చాలు, ఆమెకు చెమటలు పడతాయి. ఆమె లేవగానే భానుప్రకాశ్ నవ్వాడు.

"ఈ మేడం ఎన్నడు మాట్లాడింది? ఆమెది గూడ గదే. కూసో."

సుమన కూర్చోలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నాది గది కాదు సర్. ఆయన చేతుల ఫోన్ లేదు. బ్రేకులు పడలే. ముందురోజే నా ముందర మీకు చెప్పిండు. నడిపితే నడుపు, లేకుంటే పో అన్నరు మీరు."



"పిచ్చి లేసిందా?" భానుప్రకాశ్ లేచి బల్ల మీద చరిచాడు. "నౌకరి పోతది. ఈ జిల్లాల ఏ స్కూలు గూడ నిన్ను తీసుకోదు. పోలీసులకు గిట్ల చెప్పి చూడు, నీ సంగతి చెప్త!"

"పొద్దుగాలనే చెప్పొచ్చిన సర్. సంతకం గూడ పెట్టిన."

సుమన బల్ల అంచు ఇంకా వదల్లేదు.

"స్టేషన్ల చెప్పుడు అల్కగనే అయింది. గీ మీటింగుల లేసి చెప్పుడే కష్టమైంది."