మెట్ల దారి

లిఫ్టు మెకానిక్ తనిఖీ కాగితంలో పన్నెండు గళ్ళకూ గబగబా టిక్కులు పెట్టి, కింద సంతకం గీకి, లిఫ్టు ఆన్ చేశాడు.

"తాళ్ళు చూడకుండానేనా బావా?" అన్నాడు అతనితోనే పనిచేసే బామ్మర్ది. "ఒకప్పుడు ఒక్కో తాడూ తడిమేవాడివి. పోగు లేస్తే వేలికే తెలుస్తుందని మురిసిపోయేవాడివి."

"అప్పుడు సరదారా. ఇప్పుడు విసుగు. ఇన్నేళ్ళూ కానిది ఇవాళే అవుతుందా? పద."

తొమ్మిదో అంతస్తు నుంచి దిగసాగారు. ఆరో అంతస్తు దగ్గర బామ్మర్ది ఆగాడు.

"లిఫ్టు బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టావుగా. మరి మనం మెట్లెందుకు దిగుతున్నాం బావా?"

మెకానిక్ కూడా ఆగాడు. తను లిఫ్టు ఎక్కడం ఎప్పుడు మానేశాడో గుర్తు రాలేదు.

గోడ అవతల లిఫ్టు కదిలింది. లోపల ఎవరో నవ్వుతున్నారు.